మేడమీది గదివాళ్లు

చెంచా గ్లాసుకి తగలకుండా ఆమె టీలో చక్కెర కలిపింది. చప్పుడైతే మాటలు వినబడవు. వంటింటి కిటికీ అవతల, మెట్ల దగ్గర, భర్త ఫోను చెవికి ఆనించుకుని నిలబడి ఉన్నాడు. గడ్డం గీసుకోవడం సగంలో ఉంది. ఒక చెంప నున్నగా, రెండో చెంప నురగతో తెల్లగా. నురగ ఫోనుకి అంటకుండా తల పక్కకి వంచి, గొంతు తగ్గించి మాట్లాడుతున్నాడు.

"లేదు పెద్దాయనా, నిద్ర బాగానే పట్టింది... ఆఁ, మళ్లీ అదే కల. చేతిలో గ్లాసుంది. తాగానో లేదో తెలీదు. లేవగానే అరచేతిలోకి ఊది వాసన చూసుకున్నాను." అని కిచకిచ నవ్వాడు, బడిపిల్లాడిలా.

పక్కన పడుకున్నది ఆమె. కల సంగతి తెలిసింది మాత్రం ఊరికి ఆ చివర చెప్పులు బాగుచేసుకునే ముసలాయనకి.

అతను లోపలికొచ్చి, రెండో చెంప కూడా గీసుకుని, నురగ తుడుచుకుని, టీ అందుకున్నాడు.

"రాత్రి నిద్ర పట్టిందా?" అని అడిగింది.

"ఆఁ," అన్నాడు.

అంతే. ఆ తర్వాతి మాట కోసం ఆమె గ్లాసు కడుగుతున్నట్టు కాసేపు అక్కడే నిలబడింది. అతను పేపరు మడిచి, పనిముట్ల సంచి భుజాన వేసుకుని, చెప్పులు తొడుక్కుంటూ "వస్తా" అన్నాడు. లిఫ్టులు బాగుచేసే పని అతనిది. ఏ రోజు ఏ భవనంలో ఉంటాడో అతనికే తెలియదు. ఒకప్పుడు ఆ మెట్లు దిగేటప్పుడు గోడ పట్టుకుని దిగేవాడు. ఇప్పుడు రెండేసి మెట్లు దాటుతూ దిగుతాడు. వెనక నుంచి చూస్తే ఎవరో కుర్రవాడనుకుంటారు.

అతను వెళ్లాక చూసింది. ఫోను అద్దం కిందే ఉంది, అంచున ఎండిన నురగతో. కొంగుతో తుడిచి తన సంచిలో వేసుకుంది. సాయంత్రం ఎలాగూ అతను ఎక్కడుంటాడో తెలుసు. పని అయ్యాక ఇల్లు చేరకముందే ఎక్కడికి పోతాడో కూడా తెలుసు. అక్కడే ఇవ్వచ్చు.

హోటళ్ల దుప్పట్లు ఉతికే లాండ్రీలో మడతపెట్టే పని ఆమెది. పొడుగాటి రేకుల షెడ్డు. ఒక పక్క పెద్ద పెద్ద యంత్రాలు దుప్పట్లని తిప్పి తిప్పి కొడుతుంటాయి, ఇంకో పక్క వేడి రోలర్ల మధ్య నుంచి అవి కాగితాల్లా బయటికొస్తుంటాయి. రోలరు అంచు తగిలి కాలిన గుర్తులు ఆమె ముంజేతుల మీద నిచ్చెన మెట్లలా ఒకదాని కింద ఒకటి ఉంటాయి. వేళ్ల చివర్లు అరిగి అరిగి గాజులా నున్నబడ్డాయి. మనిషి సన్నం. నడుస్తుంటే కుడి భుజం కాస్త ముందుకు వంగుతుంది. ఏళ్ల తరబడి ఒకే పక్క బరువు మోస్తే వచ్చే వంపు అది. ఆ బరువు దుప్పట్లది కొంత. సాయంత్రాలు వీధి మలుపు నుంచి ఇంటిదాకా భర్తని మోసుకొచ్చినది కొంత.

పెద్ద దుప్పటి మడతపెట్టాలంటే ఇద్దరు కావాలి. ఆమెకి జతగా ఉండే పిల్ల వాగుడుకాయ. షెడ్డులో అందరూ చిలక అంటారు. ఇద్దరూ చెరో రెండు మూలలు పట్టుకుని, లాగి, విదిలించి, ఎదురెదురుగా నడిచొచ్చి మూలలు కలుపుతారు. కలిసిన ప్రతిసారీ చిలక ఒక ముక్క మాట్లాడుతుంది. వెనక్కి నడుస్తూ ఊపిరి పీల్చుకుంటుంది. అందువల్ల దాని కబుర్లన్నీ దుప్పట్ల లెక్కన ముక్కలు ముక్కలుగా వస్తాయి.

"మా మరిది మళ్లీ తాగొచ్చాడక్కా." దుప్పటి. "గుమ్మంలోనే పడుకున్నాడు." దుప్పటి. "మీ ఆయన భలే మారాడక్కా. నీ అదృష్టం."

ఆమె మూలలు అందుకుంది. అదృష్టం అన్న మాట వింటే ఆమెకి ఒళ్లు మండుతుంది. మొన్న పక్కింటావిడ కూడా అదే అంది. "ఆ మేడమీది గదివాళ్లు ఎంత పుణ్యాత్ములో" అంది.

ఆ గదిని వెతికి పట్టుకున్నది ఆమే. అంతకుముందు ఆమె చెయ్యని ప్రయత్నం లేదు. సీసాలు దాచింది, పారబోసింది, అరిచింది, మాటలు మానేసింది. అతని పై అధికారికి ఒకసారి జ్వరమనీ, ఒకసారి నడుంనొప్పనీ చెప్పి చెప్పి, ఎప్పుడు ఏ జబ్బు చెప్పిందో తనకే గుర్తుండేది కాదు. ఒకరోజు మందుల షాపులో అతని చేతుల వణుకు తగ్గడానికి ఏదైనా మాత్ర ఇమ్మంటే, అక్కడి ఆవిడ మాత్ర ఇవ్వలేదు. "తాగుడు మానాలనుకునేవాళ్లు కూర్చుని మాట్లాడుకునే చోటొకటుంది. అక్కడికి తీసుకెళ్లు," అని ఒక నంబరు చెప్పింది.

ఫోను చేస్తే అవతల సుత్తి చప్పుడు ఆగింది. ఒక ముసలి గొంతు అడిగింది. "ఎవరికమ్మా? మీకా, మీవాళ్లకా?"

"మా ఆయనకి."

"తీసుకురండి. రానంటాడు. అయినా తీసుకురండి."

టైర్ల దుకాణం పక్క మెట్లు. పైన రెండు తలుపులు. కంగారులో ఆమె మొదటి తలుపు తోసింది. లోపల పిల్లలు వరసగా కూర్చుని వేణువులు ఊదుతున్నారు. అందరూ ఊదడం ఆపి, ఎర్రటి కళ్లతో నిలబడ్డ మనిషిని చూశారు. "నన్నిందులో చేర్పిస్తున్నావా?" అన్నాడు భర్త. ఎన్నేళ్ల తర్వాతో ఇద్దరికీ ఒక్కసారే నవ్వొచ్చింది. ఆ నవ్వు ఇంకా ముఖాల మీద ఉండగానే రెండో తలుపు తెరుచుకుంది. పొట్టిగా, వెడల్పుగా, అరచేతుల్లో నల్లరంగు ఇంకిపోయిన ముసలాయన భర్త భుజం మీద చెయ్యివేసి లోపలికి నడిపించాడు. వెనకే అడుగు వేయబోయిన ఆమెతో మెత్తగా అన్నాడు. "ఇంతదూరం మీరు తెచ్చారమ్మా. ఇకమీదట మేం చూసుకుంటాం. మీరు వెళ్లి హాయిగా పడుకోండి."

మంచి మాటే. కానీ పొద్దుట్నించీ పొయ్యి దగ్గర మాడి వండితే, వడ్డించే వేళకి ఆమెనే బయటికి పొమ్మన్నట్టు అనిపించింది ఆమెకి. ఆ అనిపించడం ఇప్పటికీ పోలేదు.

భర్త మానేశాడు. మధ్యలో ఒకసారి జారాడు, మళ్లీ లేచాడు. ఇంట్లో గిన్నెలు విసిరిన చప్పుడు పోయింది. ఆమెకి సంతోషం లేక కాదు. ఎన్నిసార్లు ఉతికినా వెలుతురులో పట్టి చూస్తే లేతగా కనబడే మరకలాంటిదొకటి ఆ సంతోషం కింద మిగిలిపోయింది.

"అక్కా, నీ సంచి గొణుగుతోంది," అంది చిలక.

మేకుకి తగిలించిన సంచిలో ఫోను వణుకుతోంది. ఆమె చేతులు తుడుచుకుని తీసి చూసింది. తెర మీద 'పెద్దాయన' అని ఉంది. ఆమె పేరు ఆ ఫోనులో ఉత్త 'ఇల్లు' అని ఉంటుంది.

పొద్దున మాట్లాడుకున్నది చాలలేదు కాబోలు. ఆమె పక్కనున్న బొత్తాం నొక్కింది. వణుకు ఆగిపోయింది.

"ఎవరు?"

"ఎవరో కంపెనీవాళ్లు," అంది ఆమె.

దుప్పటి మూలలు పట్టుకుని వెనక్కి నడుస్తుంటే పాత సాయంత్రమొకటి గుర్తొచ్చింది. నెలకొకసారి మేడమీది గదికి ఇంట్లోవాళ్లని కూడా రానిస్తారు. భర్త పిలిస్తే ఒకసారి వెళ్లింది. చివరి వరసలో కూర్చుంది. భర్త లేచి, చేతులు కట్టుకుని, లిఫ్టు కథ చెప్పాడు. తప్పతాగి, బాగుచేయాల్సిన లిఫ్టులోనే తాను ఇరుక్కుపోయిన కథ. ఆ రోజు కబురందుకుని పరుగెత్తింది ఆమె. ఇంకో మెకానిక్కు వచ్చేదాకా ఆ ఇనుప తలుపు బయట, చల్లటి నేల మీద కూర్చుని, లోపల ఏడుస్తున్న మనిషితో నోరెండిపోయేలా మాట్లాడింది ఆమె. ఆ పూట జరిగింది ఒక్కరికీ చెప్పలేదు, కన్నకూతురికి కూడా. దాన్ని అతను అంతమంది ముందు నవ్విస్తూ చెప్పాడు. "నా లిఫ్టు నన్నే మింగేసిందండీ" అంటే గదంతా పొట్ట పట్టుకుని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించి, "మా ఆవిడ గొంతు తలుపు మీద ఎక్కడి నుంచి వినిపిస్తోందో అక్కడ అరచెయ్యి ఆనించుకుని కూర్చున్నాను. చెయ్యి తీస్తే చచ్చిపోతాననిపించింది," అన్నాడు.

ఎవరో ముక్కు చీదారు. పెద్దాయన తల ఊపాడు, ఆ సంగతి తనకి ముందే తెలుసన్నట్టు.

ఆమెకి తెలియదు. అతను తలుపు మీద చెయ్యి పెట్టాడని, తలుపుకి ఇవతల కూర్చున్నదానికే తెలియదు. ఇంటికొచ్చే దారిలో "ఎలా మాట్లాడాను?" అని అడిగాడు. "బాగానే" అంది. మళ్లీ ఆ మెట్లెక్కలేదు.

మధ్యాహ్నం భోజనాల వేళ షెడ్డు వెనక గోడనీడలో కూర్చుని డబ్బా మూత తీస్తుంటే ఫోను మళ్లీ మోగింది. ఈసారి కూతురు. వేరే ఊళ్లో నర్సు పని చేస్తోంది.

"నాన్నా!" అంది కూతురు, గొంతులో గంతులు వేస్తూ.

"నేనే."

"ఓ, నువ్వా అమ్మా. నాన్న లేడా?"

"ఫోను మర్చిపోయాడు. ఏం సంగతి?"

"ఏం లేదు. ఊరికే. సాయంత్రం మళ్లీ చేస్తాలే."

ఊరికే! ఒకప్పుడు నాన్న మాట ఎత్తితే ఫోను పెట్టేసే పిల్ల. తాగి వచ్చిన తండ్రి కేకలు వినబడకుండా దాని చెవుల మీద తన రెండు చేతులూ మూసి పడుకోబెట్టింది ఎవరు? ఇప్పుడు ఆ చెవులకి నాన్న గొంతే కావాలి. ఆమె అన్నం కలిపింది కానీ ముద్ద దిగలేదు. మారినవాడికి అందరూ చప్పట్లు కొడతారు. మారాల్సిన అవసరమే లేనిదాని వైపు ఎవరూ చూడరు.

అలా కడుపు మండిపోతూ కూర్చుని ఉండగానే ఒళ్లో ఫోను మూడోసారి వణికింది. పెద్దాయన.

ఈసారి ఆమె బొత్తాం నొక్కలేదు. అరచేతిలో పెట్టుకుని, తేలు పిల్లని చూస్తున్నట్టు చూస్తూ కూర్చుంది. ఎత్తితే రెండు ముక్కల్లో తేలిపోయేది. 'ఆయన ఫోను ఇంట్లో మర్చిపోయాడండీ' అంటే చాలు. కానీ ఎత్తలేదు. ఎదురుచూడనీ. జవాబు రాకపోతే ఎలా ఉంటుందో ఆయనకీ కాస్త తెలియనీ. గుమ్మంలో నిలబడి నేనెన్ని సాయంత్రాలు చూశాను!

మోగీ మోగీ ఆగిపోయింది. ఆమెకి చాలా రోజుల తర్వాత అన్నం రుచిగా అనిపించింది.

సాయంత్రం పని దిగి, మొహం కడుక్కుని, టైర్ల దుకాణం వైపు నడిచింది. దారంతా మనసులో మాటలు సర్దుకుంటూనే ఉంది. మీ పెద్దాయన చేశాడు, నేను పనిలో ఉన్నాను, చూసుకోలేదు. అబద్ధాలు చెప్పడం ఆమెకి కొత్త కాదు. అతని కోసం చెప్పీ చెప్పీ చెయ్యి తిరిగింది. తన కోసం చెప్పుకోవడమే కొత్త.

మెట్ల మొదట్లో నలుగురైదుగురు నిలబడి ఉన్నారు. ఎవరూ మాట్లాడుకోవడం లేదు. వాళ్లలో బేకరీ అతన్ని గుర్తుపట్టింది. ఎప్పుడూ బూట్ల మీద పిండి తెల్లగా ఉంటుంది.

"వదినా, అన్నకి తెలిసిందా?" అన్నాడు ఆమెని చూడగానే.

"ఏంటి?"

"పెద్దాయన పోయాడు."

ఆమె సంచిని గట్టిగా పట్టుకుంది.

"మధ్యాహ్నం దాటాక. దుకాణంలోనే. కుర్చీలో కూర్చుని, ఒళ్లో ఎవరిదో బూటు పెట్టుకుని ఉన్నాడట. బూటు కోసం వచ్చినామె కునుకు తీస్తున్నాడేమోనని కాసేపు నిలబడిందట కూడా. లేపలేక."

మధ్యాహ్నం తనకి రుచిగా అనిపించిన అన్నం గుర్తొచ్చింది ఆమెకి.

అప్పుడే భర్త వచ్చాడు, పనిముట్ల సంచితో, చొక్కా చేతుల మీద నల్లటి గ్రీజుతో. దూరం నుంచే ఆమెని చూసి మొహం విప్పారింది. దగ్గరికొచ్చి మిగతావాళ్ల మొహాలు చూశాక ఆ విప్పారిన మొహం అలాగే గడ్డకట్టుకుపోయింది. బేకరీ అతను మళ్లీ అంతా చెప్పాడు. భర్త సంచి కింద పెట్టి, గోడకి ఆనుకున్నాడు.

"పొద్దున మాట్లాడానే," అన్నాడు.

"తర్వాత కాస్త నలతగా అనిపించిందట. సాయంత్రం నేను రాలేను, తాళంచెవి తీసుకెళ్లి నువ్వే గది తెరువు, మీటింగు నువ్వే నడుపు అని చెప్పడానికి నీకు చేశాడట అన్నా. రెండుసార్లు చేశాడట. ఎత్తలేదని నాకు చేశాడు." బేకరీ అతను జేబులోంచి తాళంచెవి తీసి చూపించాడు. "నేను వెళ్లేసరికి బాగానే ఉన్నాడు. ఎవరిదో బూటు మడమ గురించి జోకులేశాడు. టీ తెప్పించాడు. ఒకటే గ్లాసు తెస్తే చెరిసగం తాగాం."

"చెరిసగం తాగారా?" అన్నాడు భర్త.

"ఆఁ."

భర్త కళ్లు బేకరీ అతని చేతిలోని తాళంచెవి మీద నిలిచిపోయాయి. దవడ బిగుసుకుంది. పెదవి ఒక పక్కకి లాగింది. ఆ మొహం ఆమెకి బాగా తెలుసు. రోజూ పొద్దున వంటింటి కిటికీ అద్దంలో, అతని ఫోను మాటలు వింటూ, తన మొహం మీద చూసుకునేదే.

ఆమె అబద్ధం మర్చిపోయింది.

మిగతావాళ్లు తాళంచెవి తీసుకుని పైకెళ్లారు. భర్త మెట్టు మీద కూలబడ్డాడు. ఆమె ఒక మెట్టు కింద కూర్చుని, మెట్ల మొదట్లోని వీధి తలుపు మూసుకోకుండా కాలు అడ్డంపెట్టి, సంచిలోంచి ఫోను తీసి అతని పక్కన పెట్టింది.

"ఇంట్లో మర్చిపోయావు. పొద్దుట్నించీ నా దగ్గరే ఉంది."

అతను ఫోను చూశాడు. ఆమెని చూశాడు.

"మోగలేదా?"

"మోగింది. రెండుసార్లూ చూశాను. కావాలనే ఎత్తలేదు."

"ఎందుకు?"

"కుళ్లు," అంది ఆమె.

"ఎవరి మీద?"

"ఆయన మీద. నాకు చెప్పనివన్నీ ఆయనకి చెబుతావని."

టైర్ల దుకాణంలో ఎవరో ఇనుప చక్రాన్ని నేల మీద దొర్లించారు. పైన వేణువుల పిల్లలు ఒకే రాగాన్ని తప్పుగా మళ్లీ మళ్లీ ఊదుతున్నారు. భర్త చేతులు వణుకుతున్నాయి. చాలా కాలానికి ఆ వణుకు మళ్లీ చూసింది ఆమె. రోడ్డుకి అవతల వరసలో బ్రాందీ షాపు దీపాలు అప్పుడే వెలిగాయి. అతను అటు చూశాడు. ఆమె కూడా చూసింది.

"నీ మీద చాలా కోపంగా ఉంది," అన్నాడు అతను, అటే చూస్తూ. "ఇంత కోపం వస్తే ఇదివరకు ఎక్కడికి పోయేవాణ్ణో నీకు తెలుసు."

"తెలుసు."

"నిన్నటిదాకా అయితే ఆయనకి ఫోను చేసేవాణ్ణి. మా ఆవిడ ఇలా చేసింది పెద్దాయనా అని చెప్పుకునేవాణ్ణి." ఫోను చేతిలోకి తీసుకుని, మళ్లీ పక్కన పెట్టేశాడు. "ఇప్పుడెవరికి చెయ్యను?"

ఆమె అతని మోకాలి మీద చెయ్యి వేయబోయి ఆగింది.

"నాకు చెప్పు," అంది.

"నీ మీద కోపం నీకే చెప్పాలా?"

"ఆయనకి ఏం చెప్పేవాడివో అదే చెప్పు. ఒక్క ముక్క తగ్గించకు."

అతను చాలాసేపు గ్రీజు చేతులు నలుపుకున్నాడు. తర్వాత మొదలుపెట్టాడు. మొదట తడబడ్డాడు. "ఆవిడ నన్ను మోసింది, నిజమే. కానీ మోసినదంతా రోజూ నా మొహం మీద చూపిస్తుంది," అన్నాడు. మానేసినప్పట్నించీ ఇంట్లో అడుగు పెట్టాలంటే పరీక్ష రాయబోతున్నట్టు ఉంటుందన్నాడు. ఎంత పాస్ అయినా ఆవిడ పాత మార్కులే చూస్తుందన్నాడు. నిద్ర పట్టిందా అని అడిగితే, నా నిద్ర గురించి అడుగుతోందో, నోరు వాసన చూస్తోందో తెలియదన్నాడు. అందుకే ఆఁ అని ఊరుకుంటానన్నాడు. చివరికి, "ఆయనతో ఆ ఆఖరి టీ నాది. నాది లాక్కుని ఎవరికో ఇచ్చేసింది," అన్నాడు. అనేసి ఏడ్చాడు, మోచేతిలో మొహం దాచుకుని, శబ్దం లేకుండా.

ఒక్కో మాటా రోలరు అంచులా తగిలింది. అడ్డం వెళ్లి తన వైపు చెప్పుకోవాలని నాలుక చివరిదాకా వచ్చింది. పళ్లు బిగబట్టి కూర్చుంది. ఇన్నేళ్లలో అతను తాగకుండా, నవ్వించాలని చూడకుండా, తనతో ఇన్ని మాటలు కలిపి మాట్లాడటం ఇదే మొదలు. అన్నీ తన మీద నేరాలే. అయినా ఒక్కటి కూడా వదులుకోబుద్ధి కాలేదు.

"అయిందా?" అంది చివరికి.

"ఇంకా ఉంది."

"ఇంటికొచ్చాక చెప్పు."

పై నుంచి బేకరీ అతను వంగి చూశాడు. "అన్నా, అందరూ కూర్చున్నారు. ఎవరు మొదలెట్టాలో తెలియడం లేదు. నువ్వే రావాలి."

భర్త మొహం తుడుచుకున్నాడు. బుగ్గ మీద గ్రీజు చార పడింది. లేచి రెండు మెట్లెక్కి, ఆగి, వెనక్కి తిరిగాడు.

"నువ్వు వెళ్లిపోకు," అన్నాడు.

అని, ఏదో గుర్తొచ్చినవాడిలా మళ్లీ కిందికి దిగి, వీధి తలుపుని గోడదాకా తెరిచాడు. స్ప్రింగు తలుపు అది, వదిలేస్తే దానంతటదే మూసుకుంటుంది. తలుపు మూలన చీకట్లో పడి ఉన్న చిన్న ముక్కనొకదాన్ని కాలితో జరిపి, దాని కింద బిగించి పైకెళ్లాడు.

ఆమె వంగి చూసింది. ఎవరెవరి బూట్లవో అరిగి తీసేసిన మడమ తోళ్లు, నల్లవీ గోధుమరంగువీ, ఒకదాని మీద ఒకటి అతికించి, కొత్తగా వచ్చేవాళ్లు తలుపు మూసి ఉంటే వెనక్కి పోతారని ముసలాయన చేసి పెట్టిన ముక్క అది. ఒక పక్క పలచగా, ఒక పక్క దళసరిగా చెక్కి, అంచుల్లో వరసగా సన్నటి మేకులు కొట్టి ఉంది.